ఎండలో ఆరబెట్టిన చిప్

హలో… ఆ, నేనే, బావనే. చెప్పు బామ్మర్దీ. పొద్దుటి నుంచి నీ ఫోన్ కోసమే కూర్చున్నాను. చిప్ అందిందా?

…హమ్మయ్య. కొరియర్ ఆఫీసులో కూర్చున్నాయన నవ్వాడు, "వేలెడంత వస్తువుకి ఇంత పెట్టెనా సార్" అని. నాలుగు పొరలు దూది చుట్టాను మరి.

మెషీన్లో పెట్టి చదివావా?

…ఊఁ.

…సగం లేకపోవడమేమిటి?

ఆగు, మెల్లగా చెప్పు. మీ అక్కతో పాతికేళ్ళు కాపరం చేశానన్న మాటేగానీ ఆవిడ కార్ల విద్య నాకు అబ్బలేదు. పాత కారుకి లోపల ఒక కంప్యూటర్, దానికి ఈ చిప్. ఇంజన్ ఏ వేగంలో ఉంటే ఎంత పెట్రోలు చిమ్మాలో ఇందులో అంకెలుగా రాసి ఉంటుంది. నాకు తెలిసింది అంతే.

…ఆ అంకెలే చెరిగిపోయాయా? ఎలా? నేనేమన్నా రబ్బరు పెట్టి రుద్దానా?

…ఏం చేశానంటే… వానకి కార్లోకి నీళ్ళొచ్చి ఆ కంప్యూటర్ పెట్టె తడిసిందని చెప్పాను కదా. నువ్వే అన్నావు, విప్పి ఆరబెట్టు బావా అని…

…అవును, పెట్టె మాత్రమే అన్నావు. నేను చిప్ కూడా తీశాను. ఇరవై ఎనిమిది కాళ్ళలో ఒక్కటీ వంగకుండా, అచ్చం మీ అక్క తీసినట్టే. మేడ మీద పిట్టగోడకి తెల్లగుడ్డ పరిచి ఎండలో పెట్టాను.

…పది రోజులు. పొద్దున్నే పెట్టడం, ఎండ పోగానే లోపలికి తేవడం. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాను. కాకి ఎత్తుకుపోతుందేమోనని పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాను కూడా.

…స్టిక్కరా?

…

ఉంది. నా దగ్గరుంది.

…నేనే తీశాను. తడిసి ఒక మూల లేచింది. మీ అక్క చేతిరాత కదా దాని మీద. "ఇరవై మూడోది. ఇక ముట్టుకోను" అని. చిరిగిపోతుందేమోనని భయమేసి, బ్లేడుతో నెమ్మదిగా లేపి కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాను.

…చూశాను. దాని కింద చిన్న గాజు కిటికీ, గుండ్రంగా. లోపల సన్నటి బంగారు గీతలు. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను.

…

…దాన్లోంచి ఎండ పడితే చెరిగిపోతుందా.

అయితే ఆ స్టిక్కరు గుర్తు రాసుకోవడానికి కాదు. ఎండ తగలకుండా.

…లేదు, నాకు చెప్పలేదు. ఏమో, చెప్పే ఉంటుంది. ఆవిడ చెబుతుంటే నేను చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి.

…పోనీ మళ్ళీ ఒకసారి చదివి చూడకూడదూ?

…నాలుగుసార్లా? నాలుగుసార్లూ నాలుగు రకాలుగా వచ్చిందా.

…కాపీ ఎక్కడుంటుంది? మీ అక్క లాప్‌టాప్ ఆవిడ పోయిన నెలకే చెడిపోయింది. నువ్వే కదా విప్పి చూసి పెదవి విరిచావు.

…కంపెనీ లెక్కా? కొన్ననాడు ఉన్నదా? వద్దు. వద్దు బామ్మర్దీ. నడుస్తుంది, నాకూ తెలుసు. దాంతోనే కదా కారు ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోయేది! వెనక హారన్లు, నాకు ముచ్చెమటలు. అప్పుడే మీ అక్క అంది, "తప్పు మీది కాదు, కారుది. నేను సరిచేస్తాను" అని. ఆర్నెల్లు, ప్రతి ఆదివారం. నేను నడపడం, ఆవిడ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పక్కన. ఇరవై మూడుసార్లు తుడిచి రాసింది.

…ఏమన్నావు?

…కారు తప్పు కాదా?

…క్లచ్ నేనే తొందరగా వదిలేస్తానా? మిగిలిన అంకెల్లో అది కూడా కనిపిస్తుందా?

…

అంటే… నేను ఎంత మొరటుగా వదిలినా ఇంజన్ ఆగిపోకుండా, కింది వేగాల్లో పెట్రోలు లెక్కంతా పెంచి రాసింది. నా కాలికి తగ్గట్టు.

ఎనిమిదేళ్ళ నుంచి నాకు డ్రైవింగ్ వచ్చేసిందనుకుంటున్నాను బామ్మర్దీ. మొన్న పక్కింటాయనకి మెళకువలు కూడా చెప్పాను.

…నవ్వు, పరవాలేదు. నవ్వుతున్నావా, లేక… సరే. ముక్కు చీదుకో. ఉంటాను లైన్లో.

…చెరిగిపోయినవి ఎక్కువగా ఆ కింది వేగాల వరుసల్లోవేనా?

…నువ్వు పూరించలేవా? నీకు నేర్పింది ఆవిడేగా.

…ఊఁ. నేను నడుపుతుంటే చూసి రాయాలి. అర్థమైంది. వస్తానంటావు, పక్కన కూర్చుంటానంటావు. నీది మంచి మనసు. కానీ ఆవిడ పక్కనుంటే నడిపినట్టు నేనిప్పుడు నడపను కదా. నువ్వు చూసి రాసేది ఇంకెవరి కాలికో అవుతుంది.

…నీ తప్పేముంది ఇందులో. నాదే… నాదీ కాదంటావా? మంచిదే, అలాగే అను.

ఒక్క పని చేసిపెట్టు. మిగిలిన అంకెలు నాకు చదివి వినిపించు.

…ఇప్పుడే. అర్థం కాకపోతేనేం, ఎప్పుడర్థమయ్యాయి గనక? ఆవిడ రాస్తూ పైకి చదువుకునేది. నేను బట్టలు మడతపెడుతూ వినేవాణ్ణి.

…నాకేం పని? కూర్చునే ఉన్నాను. చదువు.

…నలభై ఒకటి. ఊఁ.

…నలభై నాలుగు.

…నలభై ఆరు. ఆ.

…

ఆగావేం? చెరిగిందా? పోయినచోట లేదనే చదువు. దాటెయ్యకు.

…లేదు.

…లేదు.

…యాభై ఒకటి. ఊఁ, యాభై ఒకటి.

…లేదు.

…ఉన్నాను, వింటున్నాను. కానివ్వు.

…లేదు.

…లేదు.

…లేదు.

…

చాలు నాన్నా. కంపెనీదే రాసెయ్యి. ఉంటాను మరి—