మూడో గడిలో చీటీ

అసలు ఆ మీటింగు నిలబడి ఎందుకు పెట్టాలి బావా, నువ్వే చెప్పు! వద్దొద్దు, చెప్పకు. దవడకి తీగలేసి కట్టారు, కదిపావంటే డాక్టరు నన్ను చంపేస్తాడు. నువ్వు విను చాలు. అక్క మందుల కోసం కిందికెళ్ళింది. అక్కడ పెద్ద క్యూ ఉంది, ఇప్పుడిప్పుడే రాదు.

కూర్చుంటే మాటలు పెరుగుతాయంట. అందుకని రోజూ పొద్దున్నే, లిఫ్టులు బాగుచేసీ చేసీ మోకాళ్ళు అరిగిపోయిన వాళ్ళందర్నీ గోడ ముందు వరసగా నిలబెట్టి, నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, నీకేం అడ్డొస్తోంది అని అడగడం. మొదటిరోజు నువ్వేమన్నావో గుర్తుందా? "నాకు అడ్డొస్తున్నది ఈ మీటింగే" అన్నావు. అందరం పడీపడీ నవ్వాం. ఈ కొత్త పద్ధతి నేర్పడానికి కంపెనీ తెచ్చిన ఆ కోచ్ కూడా నవ్వాడు. నవ్వి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఎజైల్ పద్ధతంట! కంప్యూటర్ల దగ్గర కూర్చునే వాళ్ళకి బాగా కుదిరిందని కంపెనీ మొత్తానికీ అంటించారు. స్టోర్సుకీ అదే, అకౌంట్సుకీ అదే, గ్రీజు పూసుకునే మనకీ అదే. మన గుంపుకి చిరుతలని పేరు. చిరుతలు! నీకు యాభై ఎనిమిది, మన పొట్టాయనకి అరవై దగ్గర.

సర్లే, ఆ పేరు పెట్టింది నేనే. అలా చూడకు. టీం లీడర్ని చేశారు కదా, ఏదో ఒకటి పెట్టాలి. స్పానర్ పట్టుకోవడం నేర్పిన నువ్వు కింద, నేను పైన. అయినా నువ్వు ఇంటికొచ్చి అక్క చేత పాయసం చేయించావు.

నీ రిజిస్టరే నయం బావా. అట్ట ఊడిపోయిన ఆ లావుపాటి పుస్తకం. పని ఎవడు మొదలెడితే వాడే లైను రాయాలి, పనయ్యాక వాడే వచ్చి కొట్టెయ్యాలి. ఇంకొకడు వేలు పెట్టకూడదు. కొత్తలో నీ లైను నేను కొట్టేశానని నా చెంప పగలగొట్టావు. మీ పెళ్ళయి నెల కూడా కాలేదు, బావమరిదినని కూడా చూళ్ళేదు నువ్వు. "లైను కొట్టేస్తే నేను పైకొచ్చేశానని లెక్క. ఆఫీసు వాళ్ళు బిల్డింగుకి ఫోన్ చేసి కరెంటు వేయిస్తారు. నేనింకా లిఫ్టు కింద గుంతలోనే ఉంటే?" అన్నావు.

ఇప్పుడు రిజిస్టరు లేదు. గోడ మీద మూడు గడులు. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. పనికో చీటీ. చీటీ మూడో గడిలోకి వెళ్ళిందంటే చాలు, ఫోన్ల దగ్గరమ్మాయి బిల్డింగుకి ఫోన్ కొడుతుంది. కానీ ఆ చీటీని ఎవరైనా జరపొచ్చు. అందరి పనీ అందరిదీ కదా, అదే కొత్త పద్ధతి! నువ్వు ఒప్పుకోలేదు. మీటింగులో గట్టిగానే అరిచావు. నేను నీ చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "పోనీలే బావా, కాలంతో పాటు మారాలి" అన్నాను.

ఏంటి, నీళ్ళా? స్ట్రా ఇదిగో. నెమ్మదిగా.

రెండు వారాలకోసారి లెక్క తీస్తారు. ఏదైనా చీటీ మిగిలిపోతే కోచ్ దానికేసి చూస్తూ నిలబడతాడు. తిట్టడు. తిట్టినా బావుండేది. ఆ శుక్రవారం ఏకంగా డైరెక్టరే వచ్చాడు, వెంట ఇంకో కంపెనీ వాళ్ళని నలుగుర్ని తీసుకుని. మన గోడ చూపించడానికి. ఇరవై మూడు చీటీల్లో ఇరవై రెండు మూడో గడిలో ఉన్నాయి. ఒక్కటే మధ్యలో. నీదే. ఆ తొమ్మిదంతస్తుల బిల్డింగు లిఫ్టు.

నీకు ఫోన్ చేశాను. అది నీకు గుర్తులేదని తెలుసు. ఆ రోజు మొత్తం ఇక గుర్తుకి రాదని డాక్టరు చెప్పాడు.

అక్క చెప్పింది బావా, నువ్వు పలక మీద కట్టు లేని ఎడమ చేత్తో ఏం రాస్తున్నావో. "అయిపోయిందని నేనే చెప్పానా?" అని. రోజూ అదే రాస్తున్నావంట. అక్క ఆ పలక తుడిచేసి, బాత్‌రూంలోకి వెళ్ళి ఏడుస్తోందంట. ముప్ఫై ఏళ్ళు ఒక్క తప్పు చెయ్యని మనిషి, కాలు పోయినందుకు కాదు, తప్పు నాదేనా అని కుళ్ళిపోతున్నాడు అంది.

నువ్వు చెప్పలేదు.

"ఇంకో పావుగంట, గుంతలోనే ఉన్నా" అన్నావు. స్పష్టంగా విన్నాను. పావుగంటే కదా అనుకున్నా. వాళ్ళు వెళ్ళిపోయేలోగా నువ్వూ పైకొచ్చేస్తావ్, ఎవరికేం నష్టం? చీటీ తీసి మూడో గడిలో అంటించాను. ఈ వేళ్ళతోనే. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు నా భుజం తట్టాడు. ఫోన్ల అమ్మాయి దగ్గరికెళ్ళి, ఇది మాత్రం కాసేపు ఆపు తల్లీ అని చెబుదామనే అనుకున్నాను. ఒట్టు బావా, అనుకున్నాను. ఇంతలో వాళ్ళలో ఒకాయన నాకు చెయ్యి కలిపి, ఎలా సాధించారండీ అని అడిగాడు. నేను చెప్పడం మొదలెట్టాను.

మర్చిపోయాను. అంతే. నువ్వు లిఫ్టు కింద ఉన్నావన్నది నేను మర్చిపోయాను.

చీటీ ఎందుకు జరిపావని ఆ సాయంత్రమే అందరూ నన్నడిగారు. "అయిపోయిందని బావే ఫోన్లో చెప్పాడు" అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. దాన్నే ఆఫీసు వాళ్ళు టైపు చేయించి తెచ్చారు, సంతకం పెట్టాను. రేపు పొద్దున విచారణకి మనిషొస్తాడు. నువ్వూ పెట్టేస్తే గొడవ ఉండదని ఈ కాగితం నాకిచ్చి పంపారు. ఇదిగో, కింద ఉన్నది నా సంతకం. పక్కన ఖాళీ నీకోసం.

పెట్టకు. నిజం నువ్వే రాసెయ్. వెనక తెల్లగానే ఉంది. ఎడమ చేత్తో ఎంత వంకరగా రాసినా చాలు, నేను పట్టుకుంటా కాగితం. నా వల్ల కావట్లేదు బావా, నిన్నట్నుంచి మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ లేచిపోయాను. పెన్ను పట్టుకో. ఆఁ, అలా.

అదేంటి, మళ్ళీ నా చేతిలోనే పెడుతున్నావ్?

బావా, వద్దు. నీకు దణ్ణం పెడతా. వేలు అక్కడ పెట్టకు. అది నా సంతకమే, నాకు తెలుసు. నేనే కొట్టెయ్యాలి, తెలుసు.

అదిగో, అక్క చెప్పుల చప్పుడు.

రా అక్కా. మందులు అక్కడ పెట్టి, ఇలా కూర్చో. ముందు ఆ పలక ఇటివ్వు, బావ అడిగినదానికి నేను జవాబు రాయాలి.