తిమింగలానికి కళ్ళజోడు

కళ్ళజోళ్ళ దుకాణం మావయ్యకు నోరిచ్చేటప్పుడు ఆ పైవాడు కొలతబద్ద ఎక్కడో పెట్టి మరిచిపోయాడని వీధి వీధంతా అనుకునేది. సముద్రం ఊసెత్తితే ఆయన్ని పట్టలేమని "సొరచేప" అని పేరు కూడా పెట్టారు. ఆయన కోప్పడలేదు సరికదా, "తిమింగలం అనాల్సింది, పాపం మొహమాటపడ్డారు" అన్నాడు.

ఆ సాయంత్రం దుకాణం ముందు బల్ల మీద మేనకోడలు కూర్చుని ఉంది. చేతిలో టీ చల్లారిపోతున్నా ఆమెకు తెలియడం లేదు. తెల్లవారితే పరీక్ష. నీళ్ళలోకి దిగి ఓడల అడుగుభాగం చూసొచ్చే పని కోసం రేవులో శిక్షణ తీసుకుంటోంది. ఈత వచ్చు, ఊపిరి నిలుస్తుంది, భయమన్నది ఎరగదు. లేనిదల్లా చూపే. ఎడమ కన్ను మైనస్ ఏడు, కుడి కన్ను మైనస్ మూడు. మొన్న ఈతకొలనులో దింపి, వీపున ఉన్న సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో మీటరు చూసి వేళ్ళతో చెప్పమంటే తప్పు చెప్పింది. మాస్కు లోపల మామూలు కళ్ళజోడు పెట్టుకుందామంటే దాని కాడలు రబ్బరు అంచును పైకెత్తేసి నీళ్ళు లోపలికొస్తాయి. కంట్లో పెట్టుకునే లెన్సులు ఆమెకు పడవు. "రేపు సముద్రంలో కూడా చదవలేకపోతే ఇంక ఒడ్డునే ఉండాలి తల్లీ" అన్నాడు శిక్షణ ఇచ్చే ఆయన, జాలిగా. కసిరినా బాగుండేది, ఆ జాలి ముల్లులా దిగింది.

అందుకే మావయ్య దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆయన ఆమె పవరుకు తగ్గట్టు రెండు అద్దాలు సానబట్టి, గుండ్రంగా కోసి, మాస్కు లోపలి రబ్బరు చట్రంలో బిగించి ఉంచాడు. ఉంచాడు గానీ, చేతికిస్తే కదా! మాస్కును ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. అది విని పక్క కొట్టు దర్జీ మెడలో టేపుతోనే వచ్చేశాడు. టీ కొట్టాయన పాలు పొయ్యి మీద వదిలేసి వచ్చాడు. లోపల అత్తయ్య మాత్రం కుర్చీలోంచి లేవకుండా ఫ్రేములు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆవిడ నోట్లోంచి మాట రావాలంటే పండగ రావాలి.

"నీకు దిగులెందుకే పిచ్చిదానా? మైనస్ ఎనిమిది మాస్కు పెట్టుకుని సముద్రం అడుగుదాకా వెళ్ళొచ్చిన మనిషిని, నీ ఎదురుగా ఉన్నాను" అన్నాడు మావయ్య.

"మైనస్ ఎనిమిదా? నీ మొహాన కళ్ళజోడే లేదు కదా సొరచేపా!" అన్నాడు దర్జీ.

"ఉండేదయ్యా! ఉప్పునీళ్ళకి పవరంతా కరిగిపోయింది. మధ్యలో అడ్డురాకు. ఆ, పడవ మీంచి వెనక్కి ఒరిగి బుడుంగుమన్నానా, మొట్టమొదట మీటరు చూశాను. అంకెలు దీపాల్లా కనిపించాయి! అక్కడితో ఆగానా? మీటరు కంపెనీవాడు చిన్న అక్షరాల్లో ఏదో రాసుకుంటే అదీ చదివాను. వాడు అక్షరం తప్పు రాశాడు కూడాను!"

మేనకోడలికి ప్రాణం లేచొచ్చింది. "నిజంగా మావయ్యా? మీటరు కనిపించిందా?"

"మీటరేమిటే, ఇసుకలో నత్త ఆవులిస్తే దాని కొండనాలుక కనిపించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక చేప వచ్చి బండరాయికి ఢీకొట్టింది. వెనక్కెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఢీ. నాకు పుట్టుకతో వచ్చిన విద్య ఊరుకుంటుందా? మూతి పట్టుకుని కంట్లోకి చూశాను. మైనస్ నాలుగు! జేబులో ఎప్పుడూ ఒకటో రెండో అద్దాలుంటాయి కదా, ఒకటి అతికించి వదిలాను. అంతే, అది వెళ్ళి ఊరంతా చాటింపు వేసింది."

"చేపల ఊరా?" అన్నాడు టీ కొట్టాయన నోరు తెరిచి.

"మరి మనుషుల ఊరా! అరగంట తిరక్కముందే క్యూ! పీతలు అడ్డంగా నడుస్తాయి కదా, వాటితో వచ్చింది తంటా, వరస నిలవదు. మధ్యలో దూరబోయిన సొరచేపను చెవి పట్టుకుని..."

"సొరచేపకి చెవులుండవేమో మావయ్యా."

"మామూలు చూపుకి ఉండవు. మైనస్ ఎనిమిదిలోంచి చూడు, ఉంటాయి! ఆక్టోపస్ ఒకటి తనంతట తనే వచ్చి పనికి కుదిరింది. ఎనిమిది చేతులా! ఒక్కో చేత్తో ఒక్కో అద్దం పట్టుకుని 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడుగుతుంటే నేను ఊరికే తలాడించడమే."

"సరేనయ్యా, అంతసేపూ గాలో?" అన్నాడు దర్జీ. దొరికాడనుకున్నాడు.

"బేరం చేసుకున్నాం. ఒక్కో కంటికి పది బుడగలు. నేను పైకి వచ్చేసరికి సిలిండర్లో దిగినప్పటికంటే ఎక్కువుంది!" మావయ్య లేచి నిలబడ్డాడు. కథ అక్కడికొస్తే ఆయన కాళ్ళు కూర్చోనివ్వవు. "ఇంతలో చీకటి కమ్మింది. ఏమిటా అని తలెత్తి చూస్తే తిమింగలం! పాపం, ఎంత చూపు తక్కువంటే, తన తోక ఎక్కడుందో తనకే తెలీదు. మైనస్ నలభై! అంత అద్దం నా దగ్గర ఎక్కడిది? మునిగిపోయిన ఓడ ఒకటుంటే దాని గుండ్రటి కిటికీలు రెండు ఊడబీకాను. పగడపు రాయి మీద సానబట్టాను. పెట్టాను. చూసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకాల తోక కనబడగానే, అమ్మో ఎవడో తరుముతున్నాడని లంఘించింది! నేను దాని వీపు మీదే ఉన్నానాయె! అది ఎగిరిన ఎగురుకి సముద్రం ఒడ్డునుంచి వెనక్కి పోయింది, పడవలన్నీ బురదలో కూర్చున్నాయి. గాల్లో ఉండగా అడిగాను, 'ఎందాకా కనిపిస్తోందే?' అని. ఏమందో తెలుసా? 'మావయ్యా, ఎల్లుండి కనిపిస్తోంది' అంది!"

దర్జీ కళ్ళు తుడుచుకుంటూ పొట్ట పట్టుకున్నాడు. అవతల పాలు పొంగిపోయిన వాసన. ఎవరూ కదల్లేదు.

మేనకోడలు మాత్రం నవ్వుతూనే చెయ్యి చాచి మాస్కు లాక్కుని మొహానికి పెట్టుకుంది. ఎల్లుండి సంగతి దేవుడెరుగు, ఆమెకు రేపు కనబడితే చాలు.

నవ్వు ఆగిపోయింది. ఎదుటి దర్జీ మెడలో టేపు ఉంది, దాని మీద అంకెలు లేవు. ఎడమ కంట్లో పొగమంచు. కుడి కన్ను లోపలికెవరో లాగుతున్నట్టు నొప్పి.

"మావయ్యా... ఏమీ తెలీడం లేదు."

"ఒడ్డు మీద అలాగే ఉంటుందమ్మా!" అన్నాడు మావయ్య ఠక్కున. "అది నీళ్ళకోసం పట్టిన సాన. దిగాక చూడు, నత్త కొండనాలుకతో సహా..."

"అదేం మాటండీ!"

అత్తయ్య గుమ్మంలోకి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "మాస్కు లోపల ఉండేది అక్కడైనా గాలే కదా. ఇక్కడ మసకైతే అక్కడా మసకే. ఇలా తే తల్లీ."

మాస్కు వెలుతురుకు ఎత్తి, అద్దాలను ఒకదాని తర్వాత ఒకటి కంటికి దూరంగా పట్టి చూసింది. "ఎదురుగా పెట్టుకుని బిగించారు. మీ ఎడమ చేతి వైపు ఉండేది పెట్టుకునేవాళ్ళకి కుడి కన్ను. నాకూ అప్పుడు ఇలాగే తిప్పి బిగించి ఇచ్చారుగా. పడవలో కూర్చుని నేనే మార్చుకుని దిగాను."

దర్జీ అత్తయ్య వైపు గిర్రున తిరిగాడు.

"నువ్వా?" అన్నాడు దర్జీ. "దిగింది నువ్వా అమ్మా? మరి ఈయన?"

"పడవ అంచు పట్టుకుని వాంతులు. మధ్యమధ్యలో కాస్త తెరిపినిస్తే, 'వచ్చేసిందా, వచ్చేసిందా' అని పడవవాణ్ణి అడగడం. ఒక్కటి మాత్రం చెప్పాలి, రెండో చేత్తో నా కళ్ళజోడు పట్టుకుని వదల్లేదు."

దర్జీ నవ్వుతో బల్ల మీంచి జారాడు. మావయ్య మొహం పైకప్పు కేసి తిరిగింది. అక్కడ చూడటానికి బల్లి కూడా లేదు.

అత్తయ్య గోటితో అద్దాలు ఊడదీసి, మార్చి, రబ్బరులో నొక్కి ఇచ్చింది. మేనకోడలు పెట్టుకుంది. టేపు మీద అంకెలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఆమె వాటిని పైకి చదవడం మొదలెట్టింది. దర్జీ నడుచుకుంటూ వీధికి అవతలి పక్కకి వెళ్ళి టేపు పట్టుకుంటే, అక్కడా పెద్ద అంకెలు చదివింది. మాస్కు నుదుటి మీదికి తోసి అత్తయ్య వైపు తిరిగింది.

"అత్తయ్యా, కింద మీటరు కనిపించిందా?"

"స్పష్టంగా. నీళ్ళలో ఇంకాస్త పెద్దగా, దగ్గరగా ఉంటాయి అంకెలు. అద్దం మసకేస్తుందేమో, దిగేముందు లోపల ఉమ్మి రాసి కడుక్కో, సిగ్గుపడకు."

"ఇంకా ఏం చూశావు?"

అత్తయ్య చేతిలోని గుడ్డ మడత పెట్టింది. "వేలెడంత చేప. నా మొహం ముందుకొచ్చి నిలబడింది. పొలుసులు విడివిడిగా కనిపించాయి. నీళ్ళలో ఉన్నదేదైనా నాకు అంతవరకూ రంగు మరకే. ఏడుపొచ్చేసింది. మాస్కులో తుడుచుకోవడానికి ఉండదు కదా, అలాగే చూశాను."

మావయ్య మెల్లగా కూర్చున్నాడు.

"ఏడ్చావా? ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ చెప్పలేదే?"

"మీరెప్పుడు ఆపారు గనక, చెప్పడానికి?" అంది అత్తయ్య.