కోటలో మగ్గం

దుబాయిలో శుక్రవారం సెలవు. అక్కడి నుంచి భర్త చేసిన ఫోను గద్వాలలో పక్కింటికి వచ్చింది. ఆమె వెళ్లి అందుకుంది.

"పోయిన వారం జూ చూసినం. ఇయ్యాల కంపెనోళ్లు పాత కోటకు తీస్కపోయిన్రు."

"మంచిగ తిరుగుతున్నవ్."

"కోటల మగ్గం పెట్టిన్రు. మైనం బొమ్మ నేస్తున్నట్టు కూసుంది."

"బొమ్మనా?"

"పోగు తెగి ఏలాడుతుంది. చూస్త ఉండలేక అతుకుదామని చెయ్యి పెట్టిన."

"పెడితే?"

"కావలోడు గల్లవట్టి గుంజిండు. సిమెంటు మోసెటోనికి ఈ పని ఏం తెలుసన్నడు."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకునేలోగా అతనే మళ్లీ అడిగాడు.

"మన మగ్గం దుమ్ము దులుపుతున్నవా? వచ్చినంక మళ్ల నేస్త."

"నువ్వు పోయిన నెలకే ఇప్పేసినం. మగ్గం గుంట పూడ్చి, నువ్వు పంపిన టీవీ ఆడనే పెట్టినం."