మార్చకూడని ఆయిల్

బాబాయి మెకానిక్ షెడ్డు గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఆయన తన అన్నగారి పాత కారు కిందినుంచి మెల్లగా బయటికి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“ఇంజన్ బాగానే ఉంది. గేరు వేస్తే మాత్రం కారు కదలడం లేదు. గేర్ బాక్స్ ఆయిల్ ఎవరు మార్పించారమ్మా?”

“నేనే బాబాయ్, వేరే షెడ్డులో. తారులా ఉందని, మిషన్ పెట్టి మొత్తం కడిగేసి కొత్తది పోశారు.”

“నన్నొక్క మాట అడగకపోయావా?”

“అడిగితే నాన్న చెవిన వేసేస్తావు. నీ కడుపులో మాట దాగదుగా! ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కారు కొత్తదానిలా ఉండాలనుకున్నాను.”

“ఏనాడూ మార్చని ఆయిలమ్మా అది. లోపల క్లచ్ ప్లేట్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ పొడి ఆయిల్లో కలిసి ఉండబట్టే ఇంకా పట్టు దొరికేది. అందుకే మీ నాన్న దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.”

“పిసినారితనం అనుకుని ఎంత ఏడిపించానో! ఆ పాతదే మళ్ళీ పోస్తే?”

“ఇంకెక్కడిది తల్లీ, పారబోసేశారుగా.”

“రేపు రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా నడుపుతానన్నాడు. ఏం చెప్పను?”

“ఏమీ చెప్పకు. ఇంజన్ స్టార్ట్ చేసి, సీట్లో కూర్చోబెడదాం. ఆ చప్పుడు వింటే చాలు, సంతోషిస్తాడు.”

“గేరు వేస్తే తెలిసిపోతుంది కదా!”

“వెయ్యలేడమ్మా. చెయ్యి లేవడం లేదు. ఇక చేసేదేమీ లేదనే డాక్టర్లు ఇంటికి పంపిస్తున్నారు. నీతో అనొద్దని ఒట్టు వేయించుకున్నాడు.”

ఆమె కారు తలుపు తీసి, నాన్న సీటు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

“ఇంత మాట ఎలా దాచుకున్నావు బాబాయ్?”