మూలన ముద్ర ఉన్న అద్దం

లిమాలో పాత కారు సామాన్ల బజారు. కొట్టువాడు లోపల ఇంకెవరితోనో బేరంలో ఉన్నాడు. బయట ఒక భార్యాభర్తల జంట కారు అద్దాలు తిరగేస్తోంది. అతనికి తొందర, ఆమెకు లేదు.

"వెనక సీటు పక్కకి ఇది సరిగ్గా సరిపోతుంది. పట్టుకెళ్దాం."

"మూలన ముద్ర లేదు ముసలోడా. ఇలాంటిది పగిలిందంటే కత్తుల్లా చీలుతుంది. దానికి తల ఆనించి నిద్రపోయేది మన పాప మైరా."

"ముద్ర ఉంటే పగలదా ఏంటి?"

"పగులుతుంది. కానీ రాళ్ల ఉప్పులా పొడిపొడిగా రాలిపోతుంది. అలా రాలుతుందో లేదో పరీక్ష చేశాకే ముద్ర వేస్తారు."

"అయితే ఇదిగో, దీనికుంది. మన కారు మిగతా అద్దాల మీదున్న ముద్రే."

"ఏదీ, ఇటివ్వు. ముద్ర పక్కన ఈ గీతలేంటి?"

"దొంగల భయానికి కారు నంబరు చెక్కించుకుని ఉంటారు. ఎవడో గీకేశాడు."

"మనమూ చెక్కించాంగా."

"చెక్కించి ఏం లాభం? పోయిన శనివారం దొంగ మన అద్దం ఊడబెరుక్కుని పోనే పోయాడు."

"నంబరు గీకినవాడు ముద్ర జోలికి మాత్రం పోలేదు చూడు. అదుంటేనే కదా అమ్ముడయ్యేది. ఇంకాస్త కింద చూడు, చేప స్టిక్కరు."

"నీలం చేపా?"

"నీలమే. తోక లేదు."

"తోక మైరా కొరికేసింది కదా. అంటే వీడు మన అద్దం మనకే... ఉండు, వీడి సంగతి చూస్తాను."

"అరవకు. దాన్ని కింద పెట్టేసి, ముందు ఆ ముద్ర లేనిదాన్ని కొనేవాడిలా బేరమాడు, చివర్లో ఊరికే ఇదెంతని అడుగు. ఇది మనదని తెలిస్తే రేటు పెంచేస్తాడు."