ఆఖరి వాక్యం

2004 ఎండాకాలం. గట్టు బస్టాండులో తిమ్మక్క మూట మీద కూర్చుని మేస్త్రి లారీ కోసం చూస్తోంది. ఆమె చెప్పిన సంగతులతో లావుపాటి నవల రాసిన హైదరాబాదు సారు సరిగ్గా అప్పుడే బస్సు దిగాడు.

"నవల అయిపోయిందమ్మా. మొత్తం మీ వంశం కథే. మీ తాతను తెల్లవాళ్లు బొంబాయి రేవు కట్టడానికి తీసుకుపోయిన దగ్గర మొదలుపెట్టాను."

"రాళ్లు మోసి మోసి ఆయన నడుము వంగింది. గది గూడ రాసినవా?"

"ఇరవై పేజీలు!"

"అబ్బో! బతికున్నప్పుడు ఆయనతోని ఇర్వై మాటలు మాట్లాడినోడు లేడు. మరి ఎట్ల ముగించినవ్?"

"స్వాతంత్ర్యంతో. 'తెల్లవాళ్లు ఓడెక్కారు. ఇక ఆ ఇంట్లో ఎవరూ పొట్ట చేతపట్టుకుని ఊరు విడవలేదు.' ఇదే ఆఖరి వాక్యం."

తిమ్మక్క తన మూటను ఓసారి తడుముకుంది.

"శానా మంచిగ రాసినవ్ సారూ. వింటుంటే నాకే నమ్మబుద్ధయితుంది."

"ఇంతకీ ప్రయాణం ఎక్కడికి?"

"బొంబాయికే. మా తాత కట్టిన గోడ పాతబడ్డదంట. మళ్ల కట్టనీకి పోతున్న."

సారు కాసేపు కాగితాలు సర్దుకున్నాడు.

"పుస్తకం అచ్చయ్యాక మీ ఇంటికి పంపిస్తానమ్మా."

"పంపు సారూ. తలుపుకు తాళం ఉంటది, సదువుకుంటది."