ఎర్ర లైటు మీద టేపు

వారం రోజులు తమ్ముడి దగ్గరున్న కారు ఆ పొద్దున్నే తిరిగి వచ్చింది. అక్క స్టీరింగు ముందు కూర్చుని స్టార్టు చేసి, మీటర్ల మీదికి వంగింది. తమ్ముడు బయట నిలబడ్డాడు.

“ఈ నల్ల టేపేంట్రా ఇక్కడ?”

“ఓ ఎర్ర లైటు వెలుగుతోందక్కా. కళ్ళల్లో కొడుతోంటే అంటించాను.”

ఆమె టేపు పీకి చూసింది. “ఛీ! ఇంజనాయిల్ అయిపోయిందని చెప్పే లైటురా అది! ఇంకాస్త నడిపితే ఇంజను పట్టేసేది.” ఆమె వెంటనే ఇంజను ఆపేసింది.

“బానే నడిచిందిగా!”

“మరి పక్క సీటు బెల్టు బిగించే చోట ఈ ఇనప ముక్కేంటి?”

“అది దూరిస్తే బెల్టు పెట్టుకోకపోయినా మోత రాదు. అమ్మే ఆ గోల ఆపరా అంది.”

“అమ్మని బెల్టు లేకుండా తిప్పావా?”

“చేతులు వణుకుతున్నాయి, నువ్వే పెట్టరా అంటుంది. ఎక్కినప్పుడల్లా నేనెక్కడ పెట్టను?”

“కన్నతల్లికి బెల్టు పెట్టడానికి ఒళ్ళు వంగలేదు గానీ, ఈ ముక్క కోసం బజారంతా తిరిగావా? నీ మొహం చూడాలంటేనే రోతగా ఉంది.”

“సరేలే, తప్పయింది. రేపు అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, తాళాలివ్వు.”

“ఆయిల్ పోయించి నేనే తీసుకెళ్తాను. ఇక అమ్మని నీ చేతికి అప్పజెప్పను.”